గండికోటకు ఇంటిల్లిపాదీ పోతున్నారా? టెంట్ల వాళ్లను, గైడ్‌ను ఎంచుకునే ముందు ఇవి చూడండి

చాపాడు: చలికాలం వచ్చిందంటే చాపాడు, ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు ఇళ్లలో గండికోట మాట మొదలవుతుంది. కువైట్ నుంచో సౌదీ నుంచో సెలవు మీద వచ్చిన అన్న, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే బావ, వలీమా అయిపోయినా ఇంకా ఊరెళ్లని చుట్టాలు... అందరూ కలిస్తే ఓ పదిహేను మంది తేలుతారు. చాపాడు నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా సుమారు 50 కిలోమీటర్లే కాబట్టి బండి మాట్లాడటం పెద్ద పని కాదు.

ఒకప్పుడు ఈ ప్రయాణం సులువుగా ఉండేది. పొద్దున బిర్యానీ దేగిసా బండిలో పెట్టుకుని పోయేవాళ్లు, కోట చూసి, తిని, మగ్రిబ్ లోపు ఇంటికి చేరేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. లోయ దగ్గర రాత్రి టెంట్లలో పడుకోవాలి, తెల్లవారుజామున సూర్యోదయం చూడాలి, పెన్నాలో కయాక్ నడపాలి, కొండ దిగి నీళ్ల దాకా నడవాలి. ఇవన్నీ మనంతట మనం చేసుకునేవి కావు. టెంటు, పడవ, దారి చూపే మనిషి, అన్నీ ఇంకొకరివే. అంటే ఒక రాత్రికి మన ఆడవాళ్లను, పిల్లలను, పెద్దవాళ్లను ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెడుతున్నాం.

ఆ మనిషిని ఎలా ఎంచుకుంటున్నాం? చాలా ఇళ్లలో ఫోన్‌లో ఒక రీల్ చూసి, "తలకు ఎంత?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి అడ్వాన్స్ కొట్టేస్తున్నారు. అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

టెంట్ల వాళ్లు వేరు, గైడ్ వేరు

మొదట ఈ తేడా తెలుసుకోవాలి. టెంట్లు, పరుపులు, భోజనం, కయాక్‌లు ఏర్పాటు చేసేది ఒకరు. వాళ్లది వ్యాపారం, వాళ్ల దగ్గర సామాను ఉంటుంది. మనతో నడిచి దారి చూపించి, ఎక్కడ ఆగాలో ఎక్కడ దిగకూడదో చెప్పేది గైడ్. ఆయన దగ్గర ఉండేది ఆ చోటు గురించిన తెలివి. కొన్నిచోట్ల రెండు పనులూ ఒకరే చేస్తారు. చాలాచోట్ల బుకింగ్ తీసుకునే మనిషి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ఉంటాడు, అక్కడికి పోయాక మనల్ని ఎదుర్కొనేది ఇంకెవరో కుర్రాడు.

అందుకే బుకింగ్ అప్పుడే అడగండి: "ఆ రాత్రి మా దగ్గర ఉండేది ఎవరు? ఆయన పేరేంటి, ఫోన్ నంబరేంటి, ఆయనది ఏ ఊరు?" జవాబు వెంటనే వస్తే సంతోషం. "అక్కడికి పోయాక మావాళ్లు చూసుకుంటారు" అంటే మాత్రం ఆ "మావాళ్లు" ఎవరో ఆయనకే తెలియదని అర్థం.

టెంట్ బాగుండి గైడ్ బాగాలేకపోతే ప్రాణానికి ముప్పు. గైడ్ బాగుండి టెంట్ బాగాలేకపోతే ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. ఎంచుకునేటప్పుడు దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

బియాస్ నది చెప్పిన పాఠం

2014 జూన్ 8. హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరింగ్ విద్యార్థులు విహారయాత్రకు హిమాచల్ ప్రదేశ్ పోయారు. మనాలి దారిలో, మండి జిల్లాలో బియాస్ నది ఒడ్డున బండి ఆపారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి, బండరాళ్లు బయటకు తేలి ఉన్నాయి. ఫొటోలకు రాళ్ల మీదికి దిగారు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. నిమిషాల్లో ప్రవాహం పెరిగింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వచ్చిన టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు.

ఈ కేసులో హిమాచల్ హైకోర్టు ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2016లో తీర్పు చెప్పింది. నీళ్లు వదిలిన విద్యుత్ బోర్డుతో పాటు, పిల్లలను తీసుకెళ్లిన కాలేజీ కూడా అందులో వాటా భరించాలని చెప్పింది. పిల్లలను తీసుకుపోయేవాళ్లకు కూడా బాధ్యత ఉంటుందన్నమాట. మన ఊళ్లలో స్కూలు తరఫునో, మదర్సా తరఫునో, మొహల్లా కుర్రాళ్లను జమచేసుకునో పోయే పెద్దలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

గండికోటకు దీనితో ఏం సంబంధం? చాలా ఉంది. ఎర్రమల కొండలను పెన్నా కోసుకుంటూ పోయిన చోట ఈ లోయ ఏర్పడింది, కోట దక్షిణ గట్టు మీద ఉంది. లోయకు ఎగువన గండికోట రిజర్వాయర్, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. దిగువన మైలవరం జలాశయం. గండికోట నుంచి మైలవరానికి నీళ్లు వదిలితే అవి ఈ లోయలోంచే పోతాయి. పొద్దున నిలకడగా కనిపించిన నీళ్లు సాయంత్రానికి అలాగే ఉంటాయని అనుకోకూడదు. పైన ఆకాశంలో మబ్బు లేకపోయినా నీళ్లు పెరగొచ్చు.

కాబట్టి గైడ్‌ను అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న ఇదే: "ఈ రెండు రోజుల్లో రిజర్వాయర్ నుంచి నీళ్లు వదులుతున్నారా? మీకు ఎవరు చెప్తారు?" నిజంగా అక్కడే పనిచేసే మనిషి ఈ ప్రశ్నకు తడుముకోడు. "ఏం కాదులే భాయ్, రోజూ దిగుతుంటాం" అనేవాడితో మాత్రం నీళ్ల దగ్గరికి పోకండి.

కయాక్ ఎక్కే ముందు

నీళ్ల మీద తిప్పేవాళ్ల విషయంలో మన రాష్ట్రం రెండుసార్లు గట్టి దెబ్బ తిన్నది. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర కృష్ణా, గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని ప్రైవేటు బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోతున్న బోటు మునిగింది. ఎక్కింది 77 మంది, ప్రాణాలతో బయటపడింది 26 మందే. నది వరదతో ఉన్నా ఆ రోజు బోటు బయలుదేరింది. ఆ తర్వాతే బోట్ల మీద నిఘాకు రాష్ట్రంలో తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టారు.

కయాక్ చిన్నది కాబట్టి ప్రమాదం కూడా చిన్నదే అనుకుంటారు. మునిగిపోయేవాడికి పడవ సైజుతో పనిలేదు. ఎక్కే ముందు చూసుకోవాల్సినవి ఇవి:

లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరికీ ఉండాలి. పిల్లలకు పిల్లల సైజుదే కావాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చేస్తే అది పనికిరాదు. బుర్ఖా, అబాయా వేసుకున్న ఆడవాళ్లు జాకెట్‌ను బట్ట మీద బిగుతుగా కట్టుకోవాలి, కింద వదులుగా వేలాడే బట్ట కాళ్లకు చుట్టుకోకుండా చూసుకోవాలి. బకిల్ విరిగినవి, లోపలి స్పాంజి నలిగిపోయినవి తీసుకోవద్దు.

ఇంకోటి, మన కయాక్‌లు నీళ్లలో ఉన్నంతసేపు ఈత వచ్చిన మనిషి ఒకరు వేరే పడవలో సిద్ధంగా ఉండాలి. గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాడు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. పొద్దు వాలాక నీళ్ల మీదికి పోవద్దు. పడవలు నడపడానికి ఎవరి అనుమతి ఉందని అడిగితే కాగితం చూపించాలి. చూపించలేనివాళ్ల దగ్గర ఎక్కకపోతే మన పిల్లలకు ఒక సరదా తగ్గుతుంది, అంతకుమించి పోయేదేం లేదు.

మంచి గైడ్ ఎలా తెలుస్తాడు?

మన జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. కలివికోడి అనే పక్షిని 1900 తర్వాత ఎవరూ చూడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ కనుగొన్నారు. పుస్తకాలు ఎన్ని చదివినా, చివరికి ఆ పక్షి ఎక్కడ తిరుగుతుందో చెప్పింది స్థానిక వేటగాళ్లే. రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే పక్షి జాడ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే తెలిసింది.

నల్లమలలో అటవీ శాఖ కూడా ఇదే దారిలో పోయింది. బైర్లూటి, పచ్చర్ల, తుమ్మలబైలు జంగిల్ క్యాంపుల్లో చెంచులకు, స్థానికులకు పని ఇచ్చింది. అడవి వాళ్లకు ఇల్లు లాంటిది. ఏ చెట్టు కింద ఆగొచ్చో, ఏ వాగు దాటకూడదో వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

గండికోటలోనూ అంతే. కోట లోపలే ఊరుంది. అక్కడివాళ్లు, జమ్మలమడుగు చుట్టుపక్కలవాళ్లు ఎండాకాలం, వానాకాలం కూడా ఆ రాళ్ల మీద తిరిగినవాళ్లు. నాలుగు ప్రశ్నలు వేస్తే మనిషి ఎలాంటివాడో తేలిపోతుంది.

"లోయ అంచున కంచె లేని చోట్లు ఏవి? వాన పడితే ఏ రాయి జారుతుంది?" అని అడగండి. అంచుకు ఎంత దూరంలో టెంట్లు వేస్తారో అడగండి. రాత్రి నిద్రమత్తులో బాత్రూముకు లేచిన పిల్లాడు ఏ వైపు నడిచినా లోయ తగలకూడదు. టెంట్లకు, లోయకు మధ్య దారి, లైటు, కాపలా మనిషి ఉన్నాయా? ఈ ఒక్క ప్రశ్నతోనే సగం మందిని పక్కన పెట్టేయొచ్చు.

"ఎవరికైనా పాము కరిస్తే ఏం చేస్తారు?" అని అడగండి. కట్టు గట్టిగా బిగిస్తాం, బ్లేడుతో కోసి రక్తం తీస్తాం అన్నారంటే ఆయనకు ప్రథమ చికిత్స తెలియదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా బండిలో ఆస్పత్రికి తీసుకుపోవడమే సరైన పద్ధతి. జమ్మలమడుగు సుమారు 15 కిలోమీటర్లు. పెద్ద సమస్య అయితే ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రికి రావాలి. ఆ రాత్రి టెంట్ల దగ్గర డ్రైవర్‌తో సహా ఒక బండి ఉంటుందా అన్నది కూడా తేల్చుకోవాలి. మనల్ని దింపేసి బండి వెనక్కి పోతే అర్ధరాత్రి ఎవరిని పిలుస్తాం?

కోట గురించి ఏం చెప్తాడో కూడా వినండి. గండికోట పెమ్మసాని నాయకుల చేతుల్లో ఉండేది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1652లో దాన్ని గెలిచాడు. ఆ ఏడాదే ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియర్ అక్కడికి వచ్చి చూసినదాన్ని రాసిపెట్టాడు. కోటలోని జామియా మసీదు, మాధవరాయ ఆలయం రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటి గోడల మీద పేర్లు గీకినా, పగలగొట్టినా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పిల్లలకు ఇది ముందే చెప్పి తీసుకుపోవాలి. రక్షిత కట్టడాలు మామూలుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటాయి కాబట్టి "రాత్రి మసీదు దగ్గరే టెంటు వేస్తాం" అనేవాళ్లను నమ్మవద్దు.

మన సీమలో ఇంకో రోగం ఉంది, గుప్తనిధులు. "ఇక్కడ రాజుల బంగారం ఉంది, చూపిస్తా" అని ఏ గైడ్ అయినా మొదలుపెడితే నవ్వేసి బయటికి నడవండి. రక్షిత కోటలో పార పట్టుకున్నవాడితో పాటు పక్కన నిలబడ్డవాళ్లు కూడా కేసులో ఇరుక్కుంటారు.

వేట చూపిస్తామంటే?

ఇది కుర్రాళ్లు జాగ్రత్తగా చదవాల్సిన ముక్క. విదేశాల్లో విల్లు పట్టుకుని జింకలను వేటాడే వీడియోలు ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. విల్లు, బాణాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. "తుపాకీ కాదు కదా, బాణమే కదా, కుందేలే కదా" అన్న మాట సులువుగా నోట్లోంచి వస్తుంది.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, ఆఖరికి వీటికి ప్రయత్నం చేయడం కూడా వేటే. తుపాకీతో చేశారా, బాణంతో చేశారా, వలతో చేశారా అన్న తేడా లేదు. నెమలి, కృష్ణజింక, ఉడుము, అలుగు లాంటివి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి జోలికి పోతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. మిగతా రక్షిత జంతువులకు మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. జరిమానాలను 2022 సవరణలో పెంచారు. వేటకు వాడిన బండి కూడా పోతుంది. అప్పు మీద కొన్న బండి అయితే కంతులు మనం కడుతూ ఉండాలి, బండి అటవీ శాఖ దగ్గర ఉంటుంది.

సల్మాన్ ఖాన్ సంగతి అందరికీ తెలిసిందే. 1998లో షూటింగ్‌కు పోయిన చోట కృష్ణజింకలను వేటాడిన కేసులో 20 ఏళ్ల తర్వాత, 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు పోయారు. పేరున్న హీరోకే అన్నేళ్లు కోర్టు చుట్టూ తిరగక తప్పలేదు. మన పిల్లాడి డిగ్రీ, పాస్‌పోర్టు, గల్ఫ్ వీసా ఏమవుతాయో తల్లిదండ్రులే ఆలోచించాలి. పోలీసు క్లియరెన్సు దగ్గర కేసు బయటపడితే చేతికొచ్చిన ఉద్యోగం ఆగిపోతుంది.

కాబట్టి టెంట్ల దగ్గర ఎవరైనా "రాత్రి టార్చిలైటుతో వేటకు తీసుకెళ్తాం", "అడవి మాంసం వండిపెడతాం" అంటే ఆ బుకింగ్ అక్కడితో ఆపేయండి. అది హలాలా హరామా అన్న చర్చ దాకా పోనక్కర్లేదు, చట్టం ముందు ఆ మాంసం దగ్గర ఉంచుకోవడమే నేరం.

విల్లు వేట చట్టబద్ధమైన దేశాల్లో కూడా ఎవరు పడితే వాళ్లు జనాన్ని అడవికి తీసుకుపోలేరు. ఉదాహరణకు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో వేటకు తీసుకెళ్లే వ్యాపారులు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి, బీమా ఉండాలి, పూచీ బాండు కట్టాలి, వచ్చే మనిషితో రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోవాలి. అక్కడి వేట మనకు అక్కర్లేదు కానీ నమోదు, బీమా, పూచీ, రాత అనే ఈ నాలుగు మాటలు గండికోట టెంట్ల వాళ్లను అడగడానికి బాగా పనికొస్తాయి.

పిల్లాడికి విల్లు మీద నిజంగానే మోజు ఉంటే దానికి మంచి దారి ఉంది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ కూడా అక్కడివాడే. ఆర్చరీ నేర్పే అకాడమీలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. విల్లు పట్టాలంటే అక్కడ పట్టాలి.

డబ్బు లెక్క: తక్కువ రేటు నిజంగా తక్కువేనా?

ఇక్కడే ఎక్కువమంది మోసపోయేది. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఒకరు తలకు 999 రూపాయలు అన్నారు. ఇంకొకరు 1,500 అన్నారు. ఎవరైనా 999 వైపే మొగ్గుతారు. అక్కడికి పోయాక రాత్రి భోజనం 250, పరుపు దుప్పటి 100, కయాక్ 300 విడిగా కట్టమంటే తలకు 1,649 అయింది. రెండో ఆయన 1,500లో ఇవన్నీ కలిపే చెప్పి ఉంటే, 12 మందికి మనం 1,788 రూపాయలు అదనంగా కట్టినట్టు. కాబట్టి ఎవరిని అడిగినా "ఇందులో ఏమేం ఉన్నాయి, ఏమేం లేవు" అని రెండు జాబితాలు వాట్సాప్‌లో రాయించుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు.

జీఎస్టీ విషయం కూడా చాలామందికి తెలియదు. సేవలు అమ్మే వ్యాపారి ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి నంబరు లేనంత మాత్రాన దొంగ అనుకోకూడదు, చిన్న వ్యాపారి కావచ్చు. కానీ నంబరు లేనివాడు బిల్లులో జీఎస్టీ అని రాసి వసూలు చేయకూడదు. నంబరు ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో వెతికి చూడండి, వ్యాపారం పేరు, అది ఇంకా నడుస్తోందో లేదో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలన్నదానికి చట్టం ఏమీ లేదు. మూడో వంతుకు మించి ముందే ఇవ్వకపోవడం మంచిది. యూపీఐ కొట్టే ముందు తెరమీద వచ్చే పేరు చూడండి. వ్యాపారం పేరు ఒకటి, డబ్బు పోయే పేరు ఇంకొకటి అయితే ఎందుకో అడగండి. వాన పడి రద్దయితే, ఇంట్లో ఎవరికైనా బాగాలేక మనమే రద్దు చేసుకుంటే, పైనుంచి నీళ్లు వదిలి కయాక్ ఆగిపోతే, ఈ మూడు సందర్భాల్లో ఎంత వెనక్కి ఇస్తారో విడివిడిగా రాయించుకోవాలి. మూడోదాన్ని ఎవరూ అడగరు, గొడవలు వచ్చేది అక్కడే. డబ్బు వెనక్కి ఇవ్వనన్నవాడు ఉధృతిలోనైనా పడవ దింపుతాడు. వెనక్కి ఇస్తానని ముందే రాసిచ్చినవాడికి ఆపడం సులువు.

బీమా ఉందా అంటే చిన్నవాళ్లలో చాలామంది దగ్గర ఉండదు. మన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. 18 నుంచి 70 ఏళ్ల మధ్య బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాలకు అది ఉందో లేదో బయలుదేరే ముందే బ్యాంకులో చూసుకోండి.

మన ఇళ్లకు ప్రత్యేకంగా కావాల్సినవి

కోడి ఎవరు కోస్తారు, ఎక్కడ కొంటారు అని మొహమాటం లేకుండా అడగండి. నమ్మకం కుదరకపోతే ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో మనమే మాంసం కొని ఇచ్చి వండించుకుంటామని చెప్పొచ్చు. లేదా శాకాహారం చాలు అనొచ్చు. అదే గిన్నెల్లో పక్క టెంటు వాళ్లకు ఏం వండుతున్నారన్నది కూడా తెలుసుకోండి.

కుటుంబాల టెంట్లు, కుర్రాళ్ల గుంపుల టెంట్లు వేర్వేరుగా వేస్తారా? మందు తాగడానికి అనుమతిస్తారా? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పనివాళ్ల దగ్గర ఆడవాళ్లతో రాత్రి ఉండవద్దు. బాత్రూములు ఎన్ని, తలుపుకు లోపల గడియ ఉందా, నీళ్లు వస్తాయా, రాత్రి లైటు ఉంటుందా అన్నవి ఫొటోలు పంపించమని అడగండి. లోయ ఫొటోలు అందరూ పంపుతారు, బాత్రూము ఫొటో పంపగలిగినవాడే ధైర్యస్తుడు.

వుజూకు నీళ్లు, నమాజుకు అంచుకు దూరంగా చదునైన చోటు అడగండి. ఖిబ్లా అక్కడి నుంచి పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఫజర్‌కు లేచినవాళ్లు చీకట్లో ఒంటరిగా నీళ్ల కోసం దిగవద్దు, వుజూ నీళ్లు రాత్రే టెంటు దగ్గర పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న నానీ, దాదాలకు టెంటు కంటే గది మేలు. పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత హోటల్ గండికోటలోనే ఉంది. పెద్దవాళ్లు అక్కడ, కుర్రాళ్లు టెంట్లలో ఉండేలా చూసుకుంటే ఇద్దరికీ సుఖం.

తేడా వస్తే ఎవరిని అడగాలి?

డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వకపోతే అది వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. మొదట 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వ్యాపారి బెంగళూరులో ఉన్నా మనం అక్కడికి తిరగనక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గొడవ జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. వకీలు లేకపోయినా మనమే వాదించుకోవచ్చు. ఇందుకే వాట్సాప్ జాబితా, యూపీఐ రసీదు, వాళ్లు ముందు పంపిన ఫొటోలు చెరపకుండా దాచుకోవాలి.

ప్రాణాపాయం అయితే 112, అంబులెన్సుకు 108. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో, ఏ కంపెనీ సిమ్ పనిచేస్తుందో వెళ్లిన వెంటనే చూసుకుని అందరికీ చెప్పండి.

అడ్వాన్స్ కొట్టే ముందు ఒక్క ఫోన్

పైన చెప్పినవన్నీ ఒక ఫోన్ కాల్‌లో అడిగేయొచ్చు. ఇంట్లో ఎవరైనా కాగితం పట్టుకుని పక్కన కూర్చుని జవాబులు రాసుకుంటే సరిపోతుంది.

1. ఆ రాత్రి మాతో ఉండే మనిషి పేరు, ఊరు, నంబరు?
2. లోయ అంచుకు టెంట్లు ఎంత దూరం? రాత్రి కాపలా, లైటు ఉంటాయా?
3. రిజర్వాయర్ నుంచి నీళ్లు వదిలే సంగతి మీకు ఎలా తెలుస్తుంది? వదిలితే డబ్బు వెనక్కి ఇస్తారా?
4. పడవలకు అనుమతి కాగితం ఉందా? పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి?
5. ఆస్పత్రికి పోవాలంటే రాత్రంతా బండి ఉంటుందా?
6. రేటులో ఏమున్నాయి, ఏం లేవు?
7. కుటుంబాల టెంట్లు వేరుగా ఉంటాయా? మందు, వేట లాంటివి అక్కడ జరుగుతాయా?
8. మాంసం ఎక్కడిది? బాత్రూముల ఫొటో పంపిస్తారా?

ఏడెనిమిది ప్రశ్నలకు విసుక్కునే మనిషి అర్ధరాత్రి పిల్లాడు వాంతులు చేసుకుంటుంటే లేచి వస్తాడని ఆశించలేం. ఓపికగా జవాబు చెప్పి, తెలియనిదాన్ని "కనుక్కుని చెప్తాను" అని, చెప్పినట్టే మళ్లీ ఫోన్ చేసే మనిషి దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా ఆయన దగ్గరే బుక్ చేసుకోండి. ఎవరూ దొరకకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది. పొద్దున పోయి, కోట చూసి, దేగిసా ఖాళీ చేసి, మగ్రిబ్ లోపు ఇంటికి రావొచ్చు.